ఆయన పోయాక ఊపిరి పీల్చుకున్నాను, అది పాపమా?

కవిటి మండలం నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరానికి ఇది సమాధానం. ఆమె వయసు నలభై రెండేళ్లు. తిత్లీ తుపాను వచ్చిన మరుసటి ఏడాది భర్తకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తెలిసింది. చివరి నాలుగేళ్లు వారానికి మూడు రోజుల చొప్పున డయాలసిస్ చేయించారు. అయిదు నెలల క్రితం ఆయన కన్నుమూశారు. "ఆ రాత్రి నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదండీ, ఇక అయిపోయింది కదా అన్న నిమ్మళం. ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను" అని రాశారు. ఉమ్మడి తోటకు సంబంధించిన కాగితం మీద సంతకం పెట్టమని మరిది అడుగుతున్నారు. పాలిటెక్నిక్ ఆఖరి ఏడాదిలో ఉన్న కొడుకు చదువు మానేసి ఏజెంటు ద్వారా గల్ఫ్‌కు పోతానంటున్నాడు. విజయనగరంలో ఉన్న అన్నయ్య, అన్నీ వదిలేసి తన దగ్గరికి వచ్చేయమంటున్నారు. ఉత్తరంలో ఆఖరి మాట ఇది: "అందరూ ధైర్యంగా ఉండమనేవాళ్లే. ఎలా ఉండాలో చెప్పేవాళ్లు లేరు."

అమ్మా, ముందు మీరు పాపం అనుకుంటున్న ఆ నిమ్మళం గురించే మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగిలిన చిక్కులన్నిటిలోనూ మీ చెయ్యి వణకడానికి కారణం అదేనని నాకు అనిపిస్తోంది. ఏళ్ల తరబడి మంచం పట్టిన మనిషికి సేవ చేసి, చివరికి ఆ మనిషిని పోగొట్టుకున్నవాళ్లలో చాలామందికి ఈ భావం కలుగుతుంది. కాకపోతే మన వైపు దానిని బయటికి చెప్పే వీలు ఉండదు, చెప్పబోయేవాళ్లు కూడా గొంతు తగ్గించి, తలుపు వైపు ఒకసారి చూసి మరీ చెబుతారు. మీరు ఊపిరి పీల్చుకున్నది మనిషి పోయినందుకు కాదు, ఆ మనిషి పడుతున్న బాధ ఆగినందుకు; సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిపోయిన ఆ చేతిని మళ్లీ పట్టుకుని బస్సు ఎక్కించవలసిన పని లేనందుకు. ఆయన మీద మీకున్న మమకారమూ ఈ నిమ్మళమూ ఒకే మనసులో పక్కపక్కనే ఉండగలవు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది అబద్ధమైపోదు. అంతేకాదు, ఏడవలసిన ఏడుపులో చాలా భాగం మీరు ఈ నాలుగేళ్లలోనే ఏడ్చేశారని మీ ఉత్తరమే చెబుతోంది. ఇంటి ముందు కొబ్బరి బొండాలు గుట్టగా పోసి ఉన్నా, పొటాషియం ఎక్కువని వైద్యులు వద్దన్నందున ఆయనకు ఒక్క బొండం కొట్టి ఇవ్వలేక పెరట్లోకి వెళ్లి ఏడ్చానని రాశారు చూడండి, అది కూడా ఆయన కోసం ఏడ్చిన ఏడుపే. ఆ రోజు పాడె దగ్గర కన్నీళ్లు రాలేదని లెక్కకట్టినవాళ్లు ఆ పెరటి ఏడుపును చూసి ఉండరు.

రెండో సంగతి, మీరు రెండే వాక్యాల్లో రాసి వదిలేసినది, నా దృష్టిలో చాలా ముఖ్యమైనది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తోందని, కూరగాయలు తరిగి ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోశాక గాని కూర వండడానికి చెయ్యి సాగడం లేదని, ఒకసారి తెలియకుండానే ఆయన సీసాలో ఆ రోజుకు సరిపడా నీళ్లు కొలిచి గట్టు మీద పెట్టానని రాశారు. దీనిని మీరు మతి చలించడం అనుకుని భయపడుతున్నారు. అది మతి చలించడం కాదు. నాలుగేళ్లపాటు మీ ఇంటి గడియారం సోంపేట డయాలసిస్ కేంద్రం వేళలను బట్టి నడిచింది. ఏ బస్సు అందుకోవాలి, నాలుగు గంటలు బయట బెంచీ మీద ఎలా గడపాలి, తిరిగి వచ్చాక ఆయన నీరసంగా పడుకుంటే ఇల్లంతా చప్పుడు లేకుండా ఎలా ఉంచాలి, ఇవన్నీ మీ ఒంటికి అలవాటయిపోయాయి. మనిషి పోయాడని మనసుకు తెలిసినా, ఆ విధుల నుంచి మీకు సెలవు దొరికిందని ఒంటికి ఇంకా తెలియలేదు. పైగా ఆ బెంచీ మీద నాలుగేళ్లు మీ పక్కన కూర్చున్న ఆడవాళ్లే మీకు స్నేహితులు. భర్తతోపాటు ఆ స్నేహాలూ, ఆ పనీ, "ఫలానా ఆయన భార్య, ఎంత సేవ చేస్తోందో" అన్న గుర్తింపూ ఒక్కరోజులోనే పోయాయి. ఇన్ని ఒక్కసారిగా పోయినప్పుడు ధైర్యంగా ఉండమనడం తేలికే, ఆ ఖాళీ అయిన రోజులో ఏం చేయాలో చెప్పడమే కష్టం.

అందుకని ఆ మూడు రోజులను అలా ఖాళీగా వదిలేయవద్దు. నాలుగింటికి లేవడం అలవాటయింది గనుక దానితో పోట్లాడవద్దు, లేవండి. అయితే ఆ రోజుల్లో ఇంట్లోంచి బయటికి వెళ్లే పని ఒకటి తప్పకుండా పెట్టుకోండి. నన్నడిగితే సోమవారమూ శుక్రవారమూ తోటకు వెళ్లమంటాను. తిత్లీలో పడిపోయిన చెట్ల స్థానంలో మీ ఆయన మొక్కలు నాటారని, వాటిలో కొన్ని ఇప్పుడు కాపుకు వస్తున్నాయని రాశారు. ఆ చెట్ల మొదళ్లలో పాదులు ఎలా ఉన్నాయో, కాయలు ఎవరు దింపుతున్నారో, ఎంతకు అమ్ముతున్నారో మీ కళ్లతో చూడండి. ఇందులో మరో ప్రయోజనం కూడా ఉంది, దానికి తర్వాత వస్తాను. బుధవారం డ్వాక్రా సంఘం పనికి కేటాయించండి. డయాలసిస్ రోజులకు అడ్డం వచ్చి సమావేశాలకు వెళ్లడం మానేశానన్నారు గదా, ఇప్పుడు మళ్లీ వెళ్లండి, పుస్తకాలు రాసే పని ఇస్తే కాదనకండి. ఉత్సాహం వచ్చాక వెళదామని ఎదురుచూస్తే అది ఎప్పటికీ రాదు. వెళ్లి కూర్చున్న కొన్ని వారాల తర్వాత ఉత్సాహం దానంతట అదే వెనకాల వస్తుంది. మొదటి నాలుగైదు సార్లు మీకు అక్కడ ఏమీ బాగుండదు, ఎవరో ఒకరు తెలియక గుచ్చే మాట కూడా అంటారు. అయినా వెళ్లండి.

మీరు ఇంతకుముందు ఒకసారి అన్నీ పోగొట్టుకుని నిలబడ్డారన్న సంగతి మీకే గుర్తు లేనట్టుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారేసరికి మీ ఉద్దానం ప్రాంతంలో నిలువెత్తు కొబ్బరి చెట్లూ, జీడిచెట్లూ వేళ్లతో సహా పెకలించుకుని పడిపోయాయి, ఆ రోజున తోట ఉన్న ప్రతి ఇల్లూ ఒక తరం సంపాదనను పోగొట్టుకుంది. ఆ వారం ఏం చేశారో మీరే రాశారు: కరెంటు లేని ఆ రోజుల్లో మూడు ఇళ్లవాళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నారు, ముందు దారి మీద పడిన చెట్లు నరికారు, తర్వాత ఇంటి మీద పడినవి, తోటలోకి మాత్రం చాలా రోజులకు గాని అడుగు పెట్టలేదు. ఎవరూ చెప్పకుండానే ఆ వరస మీకు తెలిసింది. అత్యవసరమైనది ముందు చేశారు, పెద్ద నష్టాన్ని కాస్త దూరంగా ఉంచి చూశారు, వండుకోవడం మాత్రం పదిమందితో కలిసి చేశారు. తోటను ఏం చేద్దామన్న నిర్ణయం ఆ వారంలో ఎవరైనా తీసుకున్నారా? అమ్మేసినవాళ్లు ఉన్నారు, తర్వాత బాధపడ్డారని మీరే రాశారు. ఇప్పుడు మీకు కావలసిన ఓర్పు కొత్తగా ఎక్కడి నుంచో తెచ్చుకునేది కాదు, ఆ రోజుల్లో మీ చేతుల్లో ఉన్నదే.

దుఃఖం గురించి ఒక మాట. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు, నాకు అది మన ఇళ్లలో కనిపించే దానికి దగ్గరగా అనిపిస్తుంది. ఆప్తులను పోగొట్టుకున్న మనిషి ఎప్పుడూ దుఃఖంలోనే మునిగి ఉండడు, ఎప్పుడూ దానిని దాటేసి ముందుకూ పోడు. కొంతసేపు పోయినవాళ్ల తలపుల్లో, కొంతసేపు బతుకుతెరువు పనుల్లో, ఇటూ అటూ తిరుగుతూ ఉంటాడు, ఆ తిరగడమే మనిషిని నిలబెడుతుంది. కనుక పొద్దున సంఘంలో నవ్వి సాయంత్రం ఆయన చొక్కా చూసి కుప్పకూలితే, మీరు వెనక్కి పడిపోయారని అనుకోవద్దు. అలాగే రోజంతా పనిలో మునిగి ఆయన గుర్తుకే రాకపోతే మీరు కఠినురాలైపోయారనీ అనుకోవద్దు. "ధైర్యంగా ఉండు" అంటున్న పెద్దవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు, కాని మన ఇళ్లలో ఆ మాటకు చాలాసార్లు "మా ముందు ఏడవకు, మాకు చూడడం కష్టంగా ఉంది" అని అర్థం. అటువంటి వాళ్ల ముందు ఏడవకండి, పరవాలేదు. కాని ఎవరో ఒకరి ముందు ఏడవండి. ఆ బెంచీ మీది స్నేహితురాళ్లలో ఒకరి నంబరు మీ ఫోనులో ఉండే ఉంటుంది, ఆమెకు మీరు ఏదీ వివరించి చెప్పవలసిన అవసరం కూడా ఉండదు.

తోటికోడలి కూతురి శుభకార్యంలో మిమ్మల్ని వెనక వరసలో కూర్చోమన్నారన్న విషయం మీరు ఉత్తరంలో ఒక మూలన రాశారు. అది తప్పు, అమ్మా. ఆచారం పేరు పెట్టినంత మాత్రాన తప్పు కాకుండా పోదు. అయితే దాని మీద ఈ ఏడాదే పోరాడాలా వద్దా అన్నది మీ ఓపికను బట్టి మీరు నిర్ణయించుకోండి, నేను ఒత్తిడి చేయను.

ఇక సంతకం విషయం. నిర్ణయాల్లో రెండు రకాలు ఉంటాయి: ఆలస్యం చేస్తే నష్టపోయేవి, తొందరపడితే నష్టపోయేవి. మరణ ధ్రువపత్రం మొదటి రకం. ఇరవై ఒక్క రోజుల్లోగా నమోదు చేయించుకుంటే రుసుము ఉండదు. మీ ఇంట్లో అది ఇంకా జరగకపోతే ఆలస్య రుసుము కట్టి, పై అధికారి అనుమతితో ఇప్పుడైనా నమోదు చేయించండి, పంచాయతీ కార్యదర్శిని అడిగితే దారి చెబుతారు. డయాలసిస్ రోగిగా ఆయనకు నెలనెలా వచ్చిన 10,000 రూపాయల పింఛను ఆయనతోనే ఆగిపోయి ఉంటుంది. వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు, దానికి గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేసుకోవాలి, దానికీ ఈ మరణ ధ్రువపత్రమే ఆధారం. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా తీసి ఉంచండి. వీటిని వాయిదా వేయవద్దు. తోట కాగితం మాత్రం రెండో రకం. మరిదిగారు ఏదో దురుద్దేశంతోనే అడుగుతున్నారని నేను అనడం లేదు. తోట మీద అప్పు ఉందో, బ్యాంకులో రెన్యువల్ పని ఉందో, లేదా మందుల కోసం ఆయన పెట్టిన డబ్బుకు లెక్క తేల్చుకోవాలనో, ఏదైనా కావచ్చు. కాని అది హక్కు విడుదల పత్రమైతే, అంటే మీ వాటాను వదులుకుంటున్నట్టు రాసి ఇచ్చే పత్రమైతే, దాని మీద సంతకం పెట్టి రిజిస్టరు చేయించాక వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన భర్త ఆస్తిలో భార్యకూ పిల్లలకూ తల్లికీ, ముగ్గురికీ హక్కు ఉంటుంది. అంటే మీకూ మీ అబ్బాయికీ మీ దగ్గరే ఉంటున్న అత్తగారికీ కూడా. కాగితంలో ఏం రాసి ఉందో చదవకుండా, నకలు చేతికి రాకుండా, ఒక న్యాయవాదికి చూపించకుండా సంతకం పెట్టకండి. న్యాయవాదికి ఇవ్వడానికి డబ్బు లేదన్న బెంగ వద్దు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దానిని ఏర్పాటు చేస్తుంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

మరిదిగారికి ఏమని చెప్పాలని అడిగారు. గొడవ పెట్టుకోవలసిన పని లేదు, మన ఆచారమే మీకు ఒక మర్యాదైన మాట ఇస్తోంది. "ఏటి సూతకం ఉంది కదా బాబూ, సంవత్సరీకం అయ్యాక అన్నయ్యను కూడా పిలిచి కూర్చుని మాట్లాడుకుందాం. ఈలోగా ఆ కాగితం నకలు ఒకటి ఇవ్వు, చదువుకుంటాను" అనండి. ఏడాదిపాటు శుభకార్యాలకూ పెద్ద మార్పులకూ దూరంగా ఉండమన్న పెద్దల కట్టుబాటులో నాకు నచ్చని భాగాలు చాలా ఉన్నాయి, కాని దుఃఖంలో ఉన్న మనిషి చేత తొందరపడి ఆస్తి వ్యవహారాలు చేయించకుండా ఆపే గుణం మాత్రం దానికి ఉంది, దానిని వాడుకోండి. అప్పటికి మీరు వారానికి రెండుసార్లు తోటకు వెళ్లి వస్తూ ఉంటారు, ఎన్ని చెట్లు, ఎంత కాపు, ఎంత ఖర్చు అన్నది మీకు నోటికి వచ్చి ఉంటుంది. లెక్క తెలిసిన మనిషితో మాట్లాడే తీరు వేరుగా ఉంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు.

అబ్బాయి విషయంలో కోప్పడకండి. తండ్రి పోయిన ఇంట్లో పందొమ్మిదేళ్ల కుర్రాడు "నేను సంపాదిస్తాను" అనడం బాధ్యత తెలిసిన లక్షణమే, అందులో ఆ ఇంట్లోంచి కొంతకాలం పారిపోవాలన్న కోరిక కూడా ఉండి ఉండవచ్చు, అదీ సహజమే. డిప్లొమా చేతికి వచ్చాక వెళ్లేవాడికీ, మధ్యలో వదిలి వెళ్లేవాడికీ అక్కడ దొరికే పనిలో తేడా ఉంటుందని మీ ఊరి నుంచి వెళ్లి వచ్చినవాళ్ల చేతనే చెప్పించండి, మీరు చెబితే వినడు. ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడన్నారు. విదేశీ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైన ఏజెంటు అయినా సరే తన సేవకు 30,000 రూపాయలకు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. నమోదు లేని వాడైతే అతనితో మాటలే అనవసరం. ఆఖరి ఏడాది పూర్తి చేస్తే తర్వాత వెళ్లడానికి తాను అడ్డు చెప్పనని అమ్మ మాట ఇస్తే, చాలామంది పిల్లలు మెత్తబడతారు.

"వాడికి కూడా వస్తుందేమో" అని రాసి కొట్టేసిన వాక్యం నాకు కనిపించింది. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకు ఇంతగా ఉందన్నది ఏళ్ల పరిశోధనల తర్వాత కూడా ఇదమిత్థమని తేలలేదు, అందువల్ల ఎవరైనా మీకు ఒకే ఒక్క కారణం చూపించి భయపెడితే నమ్మకండి. మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే పరీక్షలు, అంటే ఏడాదికి ఒకసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు మీరూ అబ్బాయీ ఇద్దరూ చేయించుకోండి, ఒళ్లు నొప్పులకు దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు మింగే అలవాటు ఉంటే మానండి, ఎండలో పని చేసేటప్పుడు నీళ్లు తాగండి. పరీక్ష చేయించుకోకుండా భయపడుతూ కూర్చోవడం కన్నా ఇది మేలు.

మీ నిద్ర, తిండి సంగతి కూడా చూసుకోవాలి. అయిదో నెలలో ఈ మాత్రం నిద్ర చెదరడం నన్ను కలవరపెట్టడం లేదు. కాని ఇంకా కొన్ని నెలలు గడిచినా దుఃఖం తగ్గకుండా, రోజూ మొదటి రోజులాగే ఉండి, వంటా వార్పూ కూడా చేయలేని పరిస్థితి వస్తే, లేక ఆయన దగ్గరికే పోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం 14416 నంబరుకు ఏ వేళ ఫోను చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. ఇన్నేళ్లు ఆయనను ఆసుపత్రికి తీసుకువెళ్లిన మీరు మీ కోసం ఒకసారి వెళ్లడానికి సిగ్గుపడితే, అందులో న్యాయం లేదు.

చివరిగా అన్నయ్యగారి పిలుపు. ఆయన ప్రేమకు సందేహం లేదు, కాని ఇల్లు తాళం వేసి, తోటను గాలికి వదిలి, వయసు మళ్లిన అత్తగారిని ఎవరికో అప్పగించి వెళ్లిపోవడం తొందరపడితే నష్టపోయే నిర్ణయాల్లోకే వస్తుంది, పైగా పుట్టింట్లో మొదటి నెల ఉన్నట్టు ఆరో నెల ఉండదన్నది మీకు తెలియనిది కాదు. అలాగని పిలుపును తోసిపుచ్చకండి. సోంపేటలో రైలెక్కి ఒక పది రోజులు వెళ్లి రండి, తిరిగి వచ్చే తేదీని అన్నయ్యగారికీ అత్తగారికీ బయలుదేరే ముందే చెప్పండి, టిక్కెట్టు కూడా రానూపోనూ తీసుకోండి. అప్పటికి మరిదిగారు నకలు ఇచ్చి ఉంటే దానిని మరణ ధ్రువపత్రంతోపాటు సంచిలో పెట్టుకుని వెళ్లండి, విజయనగరంలో అన్నయ్యగారికి తెలిసిన న్యాయవాది ఎవరైనా ఉంటే అక్కడే ఒకసారి చదివించుకోవచ్చు.